పొడపత్రికి ఇచ్చిన మాట

కొత్తగా ఆయుర్వేద వైద్యాధికారులుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ అనుభవం చెప్పండి మేడం" అంటారు. అనుభవమంటే వాళ్ల ఉద్దేశం ఏ రోగానికి ఏ మూలిక వాడాలో చెప్పమని. అది పుస్తకాల్లో ఉంది, నాకంటే వాళ్లకే బాగా గుర్తుంది. నేను చెప్పాలనుకునేది వేరే. ఈ ఉద్యోగంలో మొక్కలతో ఏ పేచీ ఉండదు, పెట్టినచోట ఉంటాయి అని రాయబోయి ఆగాను. మా దవాఖానలో అది కూడా నిజం కాదు.

నేను పదవీ విరమణ చేసింది మొయినాబాద్ మండలంలో, ఎంకపల్లి దగ్గరి ఒక చిన్న ఆయుర్వేద దవాఖాన నుంచి. రెండు గదులు, ఒక వరండా, వెనక కాస్త జాగా. ఉద్యోగులం ఇద్దరమే, నేనూ అటెండర్ మల్లేశం. మాది షాబాద్. రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. నా మోకాళ్లకు నేనే తైలం రాసుకుని, వచ్చినవాళ్లకు కూడా అదే తైలం ఇచ్చి, ఇద్దరం కలిసి మూలిగేవాళ్లం.

సగం ఇవ్వడం, సగం మాన్పించడం

మీ పనిలో సగం మందు ఇవ్వడం. మిగతా సగం, జనం వాళ్లంతట వాళ్లు మొదలుపెట్టిన మందును మాన్పించడం. ఈ రెండో సగం కాలేజీలో ఎవరూ చెప్పరు.

"ఆకుమందే గద, చేస్తె మేలు చేస్తది, లేకుంటె లేదు" అనే మాట మీకు రోజూ వినపడుతుంది. దాన్ని మించిన అబద్ధం మన వృత్తిలో లేదు. తిప్పతీగ మంచిదని ఎవరో ఫోన్‌లో పంపిన రోజుల్లో మా చుట్టుపక్కల కంచెల మీద తీగ మిగల్లేదు. చెంబులకు చెంబులు కాచుకు తాగి, కళ్లు పచ్చబడి వచ్చినవాళ్లను నేనే పెద్ద దవాఖానకు తరిమాను. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత పుట్టింది మన వరండాలోనే అని నా నమ్మకం.

పని చేసే మొక్కతో ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది నమ్మిస్తుంది. పొడపత్రి సంగతి మీకు తెలుసు. ఆకు నమిలి, ఆ వెంటనే బెల్లం నోట్లో వేసుకుంటే తీపి తెలియదు. కాసేపు నాలుకకు తీపి అన్నదే లేకుండా పోతుంది. మన వాళ్లందరికీ ఈ గారడీ చూపించడమంటే సరదా. నాకూ సరదాయే. మిమ్మల్ని బతిమాలుతున్నాను, షుగర్ ఉన్న మనిషి ముందు మాత్రం చూపించకండి. ఎందుకో చెప్పాలంటే ముందు మా పెద్దసారు గురించి చెప్పాలి.

తిరుగుడు తోట

పెద్దసారంటే మా పై అధికారి. మనిషి మంచివారు, పచ్చదనమంటే ప్రాణం. తన కింద ఉన్న ప్రతి దవాఖానలో మూలికావనం ఉండి తీరాలని ఉత్తర్వు ఇచ్చారు. చేవెళ్ల దిక్కు ఉన్న దవాఖాన కిరాయి ఇంట్లో మేడ మీద ఉంది. షాబాద్ దిక్కు ఉన్నదానికి నాలుగు పక్కలా సిమెంటు గచ్చు. వనం పెట్టేంత మట్టి ఉన్నది మాకొక్కరికే, పచ్చగా పెంచే చెయ్యి ఉన్నది మల్లేశానికొక్కడికే.

అందుకని తనిఖీ ఎక్కడుంటే అక్కడికి మా మొక్కలు పోవడం మొదలైంది. మొదట్లో ఒకటి రెండు. తరవాత మల్లేశం మొత్తం వనాన్నే కుండీల్లోకి మార్చేశాడు. కలబంద, వావిలి, అడ్డసరం, సరస్వతి ఆకు, వెదురుబద్దల మీదికి పాకించిన పొడపత్రి, అన్నీ ముందురోజే ట్రాలీ ఆటో ఎక్కేవి. తనిఖీ అయ్యాక ఇల్లు చేరేవి. "మేడం, గీ చెట్లు నాకంటె ఎక్కువ ఊర్లు చూసినయి" అనేవాడు మల్లేశం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, మాది పెరటి చెట్టని కూడా అనలేం.

ఒకసారి పెద్దసారు మా కలబంద కొస పట్టుకుని చాలాసేపు చూశారు. "చేవెళ్లలో కూడా ఇదే చోట విరిగి ఉంది. షాబాద్‌లోనూ ఇంతే. ఈ ప్రాంతమంతా ఏదో తెగులు పాకుతున్నట్టుంది" అని, కారణం రాసి పంపమన్నారు. కారణం ట్రాలీ తలుపు. "పరిశీలనలో ఉన్నది" అని రాశాను. అది ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది. పై అధికారికి అబద్ధం చెప్పమని నేను మీకు చెప్పను, చెప్పాల్సి వస్తే మాత్రం కొసలు విరగకుండా చూసుకోండి.

యాదయ్య మాట

యాదయ్యది ఎంకపల్లి. కనకమామిడిలో నగరంవాళ్ల ఫామ్‌హౌస్‌కు రాత్రి వాచ్‌మన్. భార్య అంజమ్మ పూలతోటల్లో కూలికి పోతుంది. ఆయనకు షుగర్ ఉంది. పెద్ద దవాఖాన గోళీలు వాడేవాడు, తోడుగా నేను పొడపత్రి పొడి ఇచ్చేదాన్ని. పొడి మీద ఆయనకు గురి లేదు. గురి కుదరాలని ఒకరోజు పచ్చి ఆకు నమిలించి బెల్లంముక్క చేతిలో పెట్టాను. నోట్లో వేసుకున్నాడు, కళ్లు పెద్దవి చేశాడు, బయటికి పోయి ఉమ్మేశాడు.

"అమ్మా, మన్ను తిన్నట్టే ఉన్నది! నాలిక మీది తీపినే చంపింది, నెత్తుర్ల తీపిని ఇడుస్తదా?"

అట్ల కాదయ్యా, నాలుక వేరు, నెత్తురు వేరు అని చెప్పాను. నేను చెప్పింది ఒక చెవిన పోయింది, బెల్లం చెప్పింది రెండో చెవిన నిలిచింది.

ఆ తరవాత ఆయన వాళ్ల వాడలోని బుచ్చవ్వ దగ్గరికి పోయాడు. బుచ్చవ్వకు మూలికలకన్నా మూలికల నియమాలు ఎక్కువ తెలుసు. పొడిలో బలముండదు, బతికున్న చెట్టును అడిగి తెచ్చుకోవాలి అన్నది. మన దిక్కు ఈ ఆచారం మీరూ చూసే ఉంటారు. శనివారం మాపటికి స్నానం చేసి, చెప్పుల్లేకుండా చెట్టు దగ్గరికి పోయి, పసుపు దారం కట్టి, "రేపు వస్త, నీ బలం నాకియ్యి" అని మాటివ్వాలి. ఆదివారం పొద్దు పొడవకముందే పోయి తెంపాలి. దారిలో ఆయన ఎవరితోనూ మాట్లాడకూడదు, ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. ఒక్క మాట పడినా ఆ రోజు చెడినట్టే. కానీ ఇచ్చిన మాట అట్లే ఉంటుంది, మళ్లీ ఆదివారం దాకా ఆగాలి. ఆకు నోట్లో పడేదాకా వేరే మందు ముట్టకూడదు.

ఒక శనివారం సాయంత్రం నేను దవాఖాన మూసి బస్సుకు బయలుదేరుతుంటే యాదయ్య తడి తలతో వచ్చి మా పొడపత్రి కుండీకి దారం కట్టాడు. కడితే కట్టాడు, రెండు ఆకులు తింటే పోయేదేముంది అనుకున్నాను. అప్పుడు చూశాను, ఎడమ పాదానికి గుడ్డ చుట్టి ఉంది.

"ఏమైంది కాలుకు?"

"ముల్లు ఇరిగింది అమ్మా, గంతే."

గుడ్డ విప్పించాను. చిటికెన వేలు నల్లబడింది, వాసన వస్తోంది. నొప్పి లేదన్నాడు. షుగర్ కాలికి నొప్పి లేదంటే అది శుభవార్త కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. మా పెద్దనాయనకు ఇట్లాగే చిన్న పుండుతో మొదలై కాలు మోకాలి కింద దాకా తీసేశారు. నేను వైద్యం చదవడానికి ఆ కాలే కారణం. అందుకే షుగర్ ఉన్నవాళ్లు చెప్పుల్లేకుండా కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. మనుషులు నన్ను చూసి చెప్పులు వెతుక్కునేవాళ్లు.

"ఇప్పుడే చేవెళ్ల పెద్ద దవాఖానకు పో. గోళీలు వేసుకుంటున్నవా?"

"బుచ్చవ్వ చెప్పినప్పటి సంది బంద్ చేసిన. చెట్టుకు మాటిచ్చి వేరే మందు ముడితే కాలు కాదమ్మా, పానమే పోతది. రేపు పొద్దుగాల తెంపుకొని, గట్నే మొదటి బస్సుకు పోత. నీ మీద ఒట్టు."

ఒక్క పొద్దే కదా అని ఒప్పుకున్నాను. నా బస్సు వచ్చింది.

మొక్క ఊళ్లో లేదు

నేను బస్సెక్కాక మల్లేశానికి ఫోన్ వచ్చింది. సోమవారం షాబాద్ దిక్కు దవాఖానలో తనిఖీ. ఆదివారం దొరకదని ట్రాలీ ఆ సాయంత్రమే వచ్చింది, తోట ఎక్కింది, పోయింది.

ఆదివారం చీకటి ఉండగానే యాదయ్య ఎవరితో మాట్లాడకుండా వచ్చి చూస్తే వరండాలో కుండీల కింది తడి వలయాలు తప్ప ఏమీ లేవు. ఎవరినీ అడగడానికి లేదు, నోరు తెరవకూడదు. పొద్దెక్కేదాకా ఆ వలయాల ముందు నిలబడి ఇంటికి పోయాడు. సంగతి సోమవారం నాకు తెలిసింది.

"తప్పు నీది కాదు యాదయ్యా, నువ్వొచ్చినవు. చెట్టే లేదు. మాట అదే తప్పింది. ఇగ పెద్ద దవాఖానకు పద" అన్నాను.

"చెట్టు తప్పెట్లయితదమ్మా? దాని కాళ్లతోని పోయిందా? మీరు తోల్కపోయిన్రు."

మల్లేశాన్ని పిలిచి, ట్రాలీ ఎప్పుడు తిరిగొస్తుందో కనుక్కోమన్నాను.

అక్కడ షాబాద్‌లో మరో ముచ్చట జరిగింది. పెద్దసారు పొడపత్రికి ఉన్న పసుపు దారం చూసి ఇదేమిటని అడిగారు. అక్కడి వైద్యురాలు కొత్త పిల్ల, భయపడిపోయి, "కోసే ముందు మొక్కకు తెలియజేసే సంప్రదాయ పద్ధతి సార్" అన్నది. సారు పరవశించిపోయారు. వారం తిరగకుండానే ఉత్తర్వు వచ్చింది, అన్ని దవాఖానల్లోనూ అన్ని మొక్కలకూ విధిగా పసుపు దారం కట్టాలని. మల్లేశం ఒక పూట కూర్చుని తోటకంతా కట్టేశాడు.

మర్నాటి నుంచి ఊళ్లో ఎవరూ మా మొక్కల మీద చెయ్యి వెయ్యలేదు. కీళ్లనొప్పులకు వావిలాకు కోసుకుపోయే ఆడవాళ్లు వరండా దాకా వచ్చి వెనక్కి తిరిగారు.

"ఎవరో మాటిచ్చిన చెట్టును మేమెట్ల తెంపుతం?"

"ఎవరూ ఇయ్యలేదమ్మా, మా పెద్దసారు కట్టించిండు."

"అయితె సారు ఎప్పుడొచ్చి తెంపుతడు?"

ఆ ప్రశ్నను పైకి పంపలేకపోయాను. ఉచితంగా ఇచ్చే ఆకుల దవాఖానలో ఆకు ముట్టేవాడు లేడు. పోనుపోను అడ్డసరం నా ఎత్తు పెరిగింది.

నాకు మాత్రం ఆ వారమంతా కళ్ల ముందు ఒకటే పాదం. బుచ్చవ్వ ఇంటికి పోయి, ఆ మాట నుంచి ఆయన్ను విడిపించమని అడిగాను. ఆమె తమలపాకు నములుతూ నింపాదిగా చెప్పింది. "నేనియ్యలే గద బిడ్డా మాట. వాడు చెట్టుకిచ్చిండు. పొయ్యి చెట్టునడుగు."

"పుండు కడగొచ్చా?"

"నీళ్లు మందు గాదు. కడుగు."

రోజూ మరిగించి చల్లార్చిన నీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టాను. ఇంతకాలం వైద్యం చేసి చివరికి నాకు మిగిలిన మందు నీళ్లు. అంజమ్మ పక్కన కూర్చుని ఏడ్చేది. "జర గట్టిగ చెప్పమ్మా, ఇంటడు" అనేది. గట్టిగా చెప్పాను, తిట్టాను, పెద్దనాయన కాలు గురించి చెప్పాను. యాదయ్య అన్నీ విని, "గీ ఆదివారం అయిపోనీ" అనేవాడు. నాకు కోపం, భయం ఒకదాని మీద ఒకటి వచ్చేవి.

ఊరంతా నోరు మూసుకున్న పొద్దు

ఈ ఆదివారం తప్పకూడదని అందరం పట్టుపట్టాం. మల్లేశం పొడపత్రి కుండీని ఇనుప గొలుసుతో వరండా స్తంభానికి కట్టి తాళం వేశాడు. యాదయ్య కనకమామిడి నుంచి నడిచొచ్చే దారిలో ఒక్కరు కూడా ఆయన్ను పలకరించొద్దని అంజమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. పలకరించకుండా ఉండటం మన ఊళ్లల్లో చిన్న సంగతి కాదు. ఎదురుపడిన మనిషిని యాడికి అని అడక్కపోతే దాన్ని తగాదా కింద లెక్కేస్తారు.

ఫామ్‌హౌస్ సారుకు చెప్పే పని మల్లేశం తీసుకున్నాడు. పొద్దున్నే నడిచే అలవాటున్న మనిషి, గుడ్ మార్నింగ్ అన్నాడంటే పని చెడుతుంది. ఆయన విని ఎంతో సంతోషించి, తానూ మౌనంగా వెనక నడుస్తానన్నాడు. నగరం నుంచి స్నేహితులను కూడా పిలిచాడు.

ఆ వేళకు బస్సు లేనందున నేను మా ఆయన్ను నిద్రలేపి, ఆయన బండి మీద వచ్చి దవాఖాన గేటు దగ్గర నిలబడ్డాను. ఇంకా మసక చీకటి. ముందు అంజమ్మ వచ్చింది, ఎదురొచ్చినవాళ్లకు చేతులు ఊపి నోరు మూయిస్తూ. వెనక యాదయ్య కుంటుకుంటూ. ఆయన వెనక ఫామ్‌హౌస్ సారు, స్నేహితులు తెల్లటి బట్టల్లో, కళ్లు సగం మూసుకుని. దారి పొడుగునా ఊరు ఊరంతా లేచి గడపల్లో నిలబడి ఉంది, చీర చెంగు నోట్లో కుక్కుకుని కొందరు, అరచెయ్యి అడ్డం పెట్టుకుని కొందరు. పాలు పోసేవాడు బండి ఆపి, ఎందుకైనా మంచిదని హారన్ వైరు పీకేశాడు. బుచ్చవ్వ గేటు పక్కన అరుగు మీద కూర్చుని అన్నీ నియమం ప్రకారం జరుగుతున్నాయా అని చూస్తోంది. కుక్కలు మొరిగాయి, కానీ కుక్క మాట మాట కింద రాదని ఆమె ముందే చెప్పింది.

గేటు దాటాడు. వరండా ఎక్కాడు. పొడపత్రికి ఇంకో రెండు అడుగుల దూరం. మెట్టు ఎక్కేటప్పుడు గుడ్డ జారింది. వట్టి పాదం, కంకర, గుడ్డ మీద కొత్తగా ఊరుతున్న నెత్తురు కనబడ్డాయి.

"యాదయ్యా! చెప్పులేవయ్యా?"

అరిచింది ఎవరో అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

ఊరంతా నా వైపు తిరిగింది. ఎవరి నోటి మీది చెయ్యి వాళ్లు తీశారు, ఆపుకున్న మాటలన్నీ ఒకేసారి బయటికి వచ్చాయి. "డాక్టరమ్మే మందు చెడగొట్టింది" అన్నారు. "చదువుకున్నది గిట్ల చేస్తదా" అన్నారు. మల్లేశం తలకాయ పట్టుకున్నాడు. మా ఆయన బండి తిప్పి పెట్టాడు, పారిపోవాల్సి వస్తే పనికొస్తుందని. ఫామ్‌హౌస్ సారు స్నేహితులు కార్యక్రమం ముగిసిందనుకుని చప్పట్లు కొట్టారు. యాదయ్య చెయ్యి తీగ దాకా చాపినవాడు చాపినట్టే నిలబడ్డాడు.

తిరిగే చెట్టు

వరండాలో కూర్చోబెట్టి గుడ్డ విప్పాను. నలుపు పక్క వేలికి పాకింది. పాదం మీద ఎర్రదనం చీలమండ వైపు ఎక్కుతోంది. ఒళ్లు కాలుతోంది. ఇంకో ఆదివారం దాకా ఆగితే కాలు ఉండదు, బహుశా మనిషి కూడా ఉండడు. నాకు సిగ్గు, కోపం అన్నీ పోయి ఒక్క భయమే మిగిలింది. అరుగు మీది బుచ్చవ్వ దగ్గరికి పోయి ఎదురుగా కూర్చున్నాను.

"అవ్వా, చెట్టు దగ్గరికి మనిషి పోవాలె, అంతే గద నియమం?"

"అవు."

"చెట్టే మనిషి వెంట పోతే?"

"చెట్టు కదులుతదా బిడ్డా?"

"ఇది కదులుతది. షాబాద్ పోయింది, చేవెళ్ల పోయింది. మొన్న మాటిచ్చిన పొద్దు కూడా ఊర్ల లేదు. ఇది చేవెళ్ల పెద్ద దవాఖానకు ఆయనతోనే వస్తది. పక్కనే ఉంటది. దాని కండ్ల ముందట మందు తీసుకుంటడు. వద్దనుకుంటే అదే వద్దంటది."

బుచ్చవ్వ నమలడం ఆపింది. పొడపత్రి వైపు తిరిగింది. ఇంత వయసులో ఆమెకు కొత్త నియమం తయారుచేయాల్సిన అవసరం ఎప్పుడూ వచ్చి ఉండదు.

"నేను చెప్పిందంత ఉన్నకాడ ఉండే చెట్లకు" అన్నది చివరికి. "తిరిగే చెట్టుకు వేరే ఉంటయి కావచ్చు. తోల్కపో. గని దారం తెగొద్దు."

మల్లేశానికి తాళంచెవి దొరకలేదు. గొలుసును స్తంభం దగ్గర రంపంతో కోసి, మిగిలిన గొలుసుతో సహా కుండీని ఆటోలో పెట్టాం. యాదయ్య ఒక పక్క, అంజమ్మ ఒక పక్క, మధ్యలో పొడపత్రి, ముందు సీట్లో నేను. ఫామ్‌హౌస్ సారు కారులో ఎక్కమన్నాడు గానీ, తీగ ఆటోకు అలవాటు పడిందని యాదయ్య ఒప్పుకోలేదు.

పెద్ద దవాఖానలో నర్సు కుండీని చూసి గుమ్మం దగ్గరే ఆపింది.

"ఇదేంది?"

"ఆయన మాటిచ్చిన చెట్టు" అన్నది అంజమ్మ.

"పేషెంటుకు అటెండరు ఎవరు?"

అంజమ్మ నా వైపు చూసింది, నేను కుండీ వైపు చూశాను. అక్కడి సర్జన్ కుర్రవాడు, కానీ తెలివిగలవాడు. నేను పక్కకు పిలిచి సంగతంతా చెబితే నవ్వలేదు. "మంచం పక్కన మట్టి వద్దు మేడం. కిటికీ బయట పెట్టండి, ఆయనకు కనబడేటట్టు" అన్నాడు. మీలో ఒక్కరైనా ఆ కుర్రవాడిలాంటి డాక్టరయితే నేను ఇదంతా రాసింది దండగ కాదు.

కిటికీ అవతల తీగ చూస్తుండగా యాదయ్య ఇన్సులిన్ సూది వేయించుకున్నాడు. రెండు వేళ్లు తీసేశారు. కాలు దక్కింది. ఆపరేషన్ గదిలోంచి ఆ మాట బయటికి వచ్చినప్పుడు అంజమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఎవరూ ముట్టని అడ్డసరం, తెగులు పట్టిన కలబంద, పెద్దసారు ఉత్తర్వులు, ఇవేవీ నాకు ఆ పూట గుర్తు లేవు.

ఈలోగా మా దవాఖానకే తనిఖీ వచ్చింది. పొడపత్రి ఏదని పెద్దసారు అడిగితే మల్లేశం నిజమే చెప్పాడు. "చేవెళ్ల దవాఖానల అడ్మిట్ అయ్యింది సార్." సారు డైరీలో రాసుకుని, డిశ్చార్జ్ కాగానే తెలియజేయమన్నారు.

డిశ్చార్జ్ అయిన తరవాతి ఆదివారం యాదయ్య కోసం నేను కుండీ పక్కన కత్తెర కూడా పెట్టి ఉంచాను. కర్ర పట్టుకుని వచ్చాడు, చెప్పులతో. తీగను తడిమాడు, నీళ్లు పోశాడు, వెనక్కి తిరిగాడు.

"తెంపవా?"

"నాకోసం దవాఖానకొచ్చి కిటికీ కాడ పండుకున్నది అమ్మా. దాన్నెట్ల తెంపుత?"

అప్పటి నుంచి ఆ తీగను ఆయన ఒక్క ఆకు తుంపలేదు, ఎవరినీ తుంపనివ్వలేదు. గోళీలు మాత్రం ఒక్క పూట మానలేదు. దాని ముందు కూర్చుని వేసుకుంటాడు. పొడపత్రి షుగర్‌కు పనిచేస్తుందా అని పిల్లలు అడిగితే నేను ఈ ఒక్క రోగి విషయంలో బాగా పనిచేసిందనే చెబుతాను. ఎట్ల పనిచేసిందని మాత్రం ఏ పత్రికకూ రాయలేను.

నాకూ ఒక దారం

నేను పదవీ విరమణ చేసింది ఒక శనివారం. శాలువాలు కప్పారు, పెద్దసారు మాట్లాడారు, కలబంద తెగులును అదుపులో ఉంచినందుకు నన్ను మెచ్చుకున్నారు. అందరూ పోయాక యాదయ్య వచ్చాడు. తల తడిగా ఉంది. జేబులోంచి పసుపు దారం తీసి నా మణికట్టుకు కట్టాడు.

"రేపు వస్త. నీ బలం నాకియ్యి" అన్నాడు.

నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు. రోజూ ఎవరో ఒకరు నాకోసం గేటు దగ్గర నిలబడే రోజులు అయిపోయాయని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆ రాత్రి షాబాద్‌లో మా ఇంట్లో ఆ దారం తడవకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుని స్నానం చేశాను.

తెల్లవారుజామున గేటు చప్పుడైంది. తీసి చూస్తే యాదయ్య. ముందురాత్రే షాబాద్‌లో చుట్టాలింటికి చేరుకుని, పొద్దున లేచింది మొదలు ఎవరితోనూ మాట్లాడకుండా, చుట్టాలు చాయ్ తాగుమంటారేమోనని చెవులకు కండువా చుట్టుకుని నడిచొచ్చాడట. అదంతా అంజమ్మ తరవాత చెప్పింది. ఆయన నోరు మెదపలేదు. మా అరుగు మీద కూర్చుని ఎడమ పాదం నా ముందుకు చాపాడు.

ఒకసారి నా నోటితో ఆయన పొద్దు చెడగొట్టినదాన్ని. పెదవులు బిగబట్టి కింద కూర్చున్నాను. వేళ్ల సందులు చూశాను, మడమ చూశాను, నాడి చూశాను. మానిన గాయం చక్కగా ఉంది. చర్మం వెచ్చగా, మెత్తగా ఉంది. ఎక్కడా నలుపు లేదు. తల ఊపాను. ఆయన కళ్లు తుడుచుకుని చెప్పు తొడుక్కోబోయాడు. అప్పుడు కనబడింది, ఎడమ చెప్పు పట్టీ తెగి, పసుపు దారంతో కట్టి ఉంది. మడమ కింద అట్ట అరిగి నేల కనబడుతోంది.

మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను. లోపలికి పోయి, మా ఆయన మొన్ననే కొనుక్కున్న తోలు చెప్పులు తెచ్చి యాదయ్య కాళ్ల ముందు పెట్టాను. తొడుక్కున్నాడు. సరిగ్గా సరిపోయాయి. ఇద్దరం తూర్పు దిక్కు చూస్తూ కూర్చున్నాం, పొద్దు ఇంకా పొడవలేదు.

"ఎవరే వచ్చింది? నా చెప్పులేవి?" అని లోపలి నుంచి మా ఆయన కేక వేశారు.

మేమిద్దరం నోరు విప్పలేదు.